నిద్రమొహం

ఊజ్దా,
అక్టోబరు, 1997

అన్నయ్య హద్దూకి,

సలాం. ఈ ఉత్తరం ఎవరి చేత రాయించానా అని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తుంటావు. ఎవరి చేతా కాదు. ఈ వంకర గీతలన్నీ నావే. నీ చెల్లెలు యాభై దాటాక పలక పట్టింది. నవ్వాలనుంటే నవ్వుకో, ఇంత దూరానికి నాకు వినపడదులే.

మా పేట మసీదు వెనక గదిలో ఆడవాళ్ళకి చదువు చెబుతున్నారు. పంతులమ్మ పేరు నవాల్. నాకు కూతురంటూ ఉంటే, దానికి ఈమె ఈడు ఉండేది. మొదట్లో నా వేళ్ళకి పెన్సిలు ఆనేది కాదు. ఇన్నేళ్ళు హమ్మాంలో, ఆ స్నానాల ఆవిరిలో, ఊరందరి వీపులూ రుద్దిన చేతులు కదా, కాగితాన్ని కూడా అలాగే రుద్దేవి. ఎన్ని కాగితాలు చిరిగాయో! ఇప్పుడు ఫరవాలేదు. మందుల షాపు బోర్డు చదువుతాను, బస్సు మీద ఊరి పేరు చదువుతాను. బషీర్ బతికుంటే ఎంత మురిసిపోయేవాడో. ఆయన పోయాక ఈ డాబా మీది గదిలో నాతో మాట్లాడేది పక్కింటి పావురాలే. వాటికి నా చదువు పట్టదు.

అసలు సంగతికి వస్తాను. ఈ ఏడు మేమంతా ఎవరి కథ వాళ్ళు రాయాలి. మార్చిలో ఆడవాళ్ళ పండుగ రోజున బంధువుల ముందు నిలబడి చదవాలి. తర్వాత అన్నీ కలిపి చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తారట. నేను అందరికంటే ముందు మొదలుపెట్టేశాను. లేచి నిలబడి చదివాను కూడా.

"నా పేరు యమ్నా. మా ఊరు తీజీ. నేను మా అమ్మ కడుపులో మూడేళ్ళు నిద్రపోయి పుట్టాను."

అంతే, వెనక కూర్చున్న పడుచుపిల్లలు పకపకా నవ్వారు. "మూడేళ్ళా! అయితే పళ్ళతోనే పుట్టి ఉంటావు అత్తా! రాగానే రొట్టె అడిగావా, టీ అడిగావా?" అంది ఒకతె. గదంతా గొల్లుమంది. పెద్దవాళ్ళు మాత్రం నవ్వలేదు. మా అందరిలోకీ పెద్దది, హజ్జా తామూ, తల వంచుకుని తన చెప్పుల వంక చూస్తూ కూర్చుంది.

నవాల్ వాళ్ళని గదమాయించింది. అందరూ వెళ్ళాక నన్ను ఆపి, "కడుపులో బిడ్డ తొమ్మిది నెలలే ఉంటుంది అత్తా. తొందరేం లేదు, నీకు తెలిసిన నిజం నువ్వే ఆలోచించుకుని రాయి" అంది. మంచి పిల్ల. మంచిగానే చెప్పింది. అయినా నాకు ఆ పూట అన్నం సహించలేదు.

మన ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట కదా అన్నయ్యా! నాన్న ఫ్రెంచివాళ్ళ సైన్యంలో యుద్ధానికి పోయేటప్పటికే నేను కడుపులో పడ్డాను. మగదిక్కు లేని ఇంట్లో నన్ను కనలేక, అమ్మ మంత్రసాని తౌస్ చేత తాయెత్తు కట్టించుకుని నన్ను నిద్రపుచ్చింది. తాయెత్తు విప్పాక నేను లేచాను. అందుకే నాన్న నన్ను జీవితాంతం నిద్రమొహం అనే పిలిచాడు, యమ్నా అని ఒక్కనాడూ పిలవలేదు. ఇంతకంటే నాకు తెలిసింది లేదు. అప్పటికి నీకు తొమ్మిదో పదో ఏళ్ళు. అన్నీ చూసి ఉంటావు. నేను పుట్టిన సంగతి ఉన్నదున్నట్టు రాసి పంపు.

నీ చెల్లెలు,
యమ్నా


తీజీ,
నవంబరు

చెల్లెలు యమ్నాకి,

నీ అక్షరాలు చూశాను. మేక తడికాళ్ళతో ఇంట్లో తిరిగినట్టున్నాయి. అయినా చదవగలిగాను. రెండుసార్లు చదివాను. చదువుకున్నందుకు సంతోషం. ఖురాను బడిలో దెబ్బలు తిని నేర్చుకున్న నాకంటే నువ్వే బాగా రాస్తావు కొన్నాళ్ళకి.

ఇక్కడ వానలు ఆలస్యం. తేనెటీగలు బద్ధకించాయి. అయినా నీ డబ్బా నీకు ఉంది, బస్సు డ్రైవరుకి ఇచ్చి పంపుతాను. మీ వదిన పోయాక నేను వండుకునేది తిండి అనడానికి లేదు. తేనె, రొట్టె, నాలుగు ఆలివ్ కాయలు, అదే భోజనం.

కథ అంటావా, హమ్మాం గురించి రాయి. ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి స్నానం చేయించావో రాయి, ఏ పెద్దింటావిడ సబ్బు డబ్బులు ఎగ్గొట్టేదో రాయి. జనం నవ్వుతారు. నీ పుట్టుక దగ్గర ఏముంది? నిద్రపోయి పుట్టావు. ఊరంతా ఎరుగును, నాన్న ఎరుగును. నవ్విన పిల్లల్ని నవ్వుకోనీ.

నీ అన్న,
హద్దూ


ఊజ్దా,
డిసెంబరు

అన్నయ్యకి,

తేనె అందింది. ఉత్తరం కూడా అందింది, కానీ అందులో నేను అడిగింది లేదు.

మా మెట్ల కింద వాటాలో ఒక నర్సమ్మ ఉంది. కాన్పుల ఆసుపత్రిలో పని. సిగ్గు విడిచి ఆమెనే అడిగాను. "మా అమ్మమ్మ కూడా అదే చెప్పేది అత్తా. కానీ బిడ్డ నిద్రపోవడం, ఏళ్ళ తరబడి ఆగడం, అలాంటిదేం లేదు. భర్త దగ్గర లేని ఆడదాన్ని జనం రాళ్ళేసి కొట్టకుండా పెద్దవాళ్ళు పెట్టుకున్న మాట అది" అంది. ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నాకు చెవులు పనిచేయలేదు.

ఇన్నేళ్ళు హమ్మాంలో ఆడవాళ్ళ వీపులు రుద్దాను. వీపు తిప్పి కూర్చున్న ఆడది ఎదురుగా చెప్పలేనివన్నీ చెబుతుంది. ఎంతమంది ఇళ్ళ గుట్లు నా దగ్గరున్నాయో. నా గుట్టు ఒక్కటే నాకు తెలియలేదు చూశావా!

ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి. నాన్న నిన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడని అమ్మ చెప్పేది. నన్ను ఎక్కించుకున్నట్టు నాకు గుర్తులేదు. ఎదురుపడితే "ఏమే నిద్రమొహం" అనడమే. సంతలో అందరి ముందూ అదే, బావి దగ్గర అదే. పెళ్ళినాడు బషీర్ వాళ్ళ పెద్దలందరూ కూర్చున్నారు. ఆ రోజైనా నా పేరు నోటి వెంట వస్తుందేమో అనుకున్నాను. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "మా నిద్రమొహాన్ని మీ చేతుల్లో పెడుతున్నాం, ఇంక మీరే లేపుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. ముసుగులో నేను ఏడ్చాను. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆ నవ్వు నా చెవుల్లో ఉంది.

నా కథ మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఇదిగో మొదటి వాక్యం. "నేను మా నాన్న కూతుర్ని కాను. అందుకే ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు."

అచ్చుకి వెళ్ళేలోపు నువ్వు నాకు నిజం చెప్పు. చెప్పకపోతే నాకు తోచిన నిజమే రాస్తాను. అందరి ముందూ చదువుతాను.

యమ్నా


తీజీ,
జనవరి

యమ్నాకి,

అమ్మ సమాధి మీద గడ్డి పీకి వచ్చి ఇది రాస్తున్నాను. ఇజ్జా అనే ఆడది ఈ ఊళ్ళో తల వంచకుండా బతికి, తల వంచకుండా పోయింది. ఆ తలని నువ్వు ఊజ్దాలో, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు వంచుతావా? పుస్తకంలో కూడా వేయిస్తావా?

నీ చేయి, నీ పెన్సిలు. రాసుకో. ఆ రాతని అచ్చు వేయించిన రోజు నుంచి ఈ ఇంటికి మాత్రం ఉత్తరం రాయకు.

హద్దూ


ఊజ్దా,
జనవరి చివర

అన్నయ్యా,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. ఇంకా అచ్చు వేయించలేదు కదా, కాబట్టి నీ మాట దాటినట్టు కాదు.

ఉపవాసాల నెల అయిపోవచ్చింది. మసీదులో పిలుపు వినపడగానే అన్ని డాబాల మీదా చెంచాల చప్పుడు. ఒక్క మనిషికి హరీరా జావ వండటం ఎవరికీ చేతకాదు అన్నయ్యా. ఎంత తక్కువ పప్పు వేసినా, ఎన్ని టమాటాలు తగ్గించినా నలుగురికి అవుతుంది. మొదట్లో నర్సమ్మకి ఇచ్చేదాన్ని. ఆమె పుట్టింటికి వెళ్ళింది. ఇప్పుడు నిన్నటిదే ఇవాళ వేడి చేసుకుంటున్నాను.

ఈ నెలలో ఏటా నీ దగ్గర నుంచి రెండో డబ్బా తేనె వచ్చేది. ఈసారి బస్సు స్టాండుకి రెండుసార్లు వెళ్ళాను. డ్రైవరు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నాకు కావలసింది తేనె కాదని ఆయనకి ఎలా చెప్పను?

కూర్చుని ఆలోచించాను. అమ్మ లేదు, నాన్న లేడు. బషీర్ లేడు. పిల్లలు పుట్టలేదు. ఈ లోకంలో నన్ను చిన్నప్పుడు చూసిన మనిషివి నువ్వొక్కడివే మిగిలావు. నీ చేతి వేలు పట్టుకుని బాదం తోటకి వెళ్ళానని నేను చెబితే, అవునని చెప్పడానికి ఇంకెవరున్నారు? నిజం దక్కించుకుని నిన్ను పోగొట్టుకుంటే ఆ నిజంతో నేనేం చేసుకోను?

అందుకని ఆ కాగితం చింపేశాను. నల్లసబ్బు ఎలా నానబెట్టాలో, చేతితొడుగుతో ఎలా రుద్దాలో రాస్తాను. నవాల్‌కి కూడా చెప్పేశాను. ఆమె నా చేతి మీద చేయి వేసింది.

నాకు నాన్న మీద కోపం పోలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, పోలేదు. కానీ అది నాతోనే ఉంటుంది. నువ్వు ఉత్తరం రాయి. వానలు పడ్డాయో లేదో రాయి, చాలు.

నీ చెల్లెలు,
యమ్నా


తీజీ,
ఫిబ్రవరి

చెల్లీ,

వానలు పడ్డాయి. బాదం చెట్లు పూశాయి. తేనెటీగలు లేచాయి.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రోజూ సమాధుల దగ్గరికి వెళ్ళి నాన్నతో దెబ్బలాడి వస్తున్నాను. ఆయనకి ఇచ్చిన మాట ఒకటి ఉంది నా దగ్గర. నువ్వు కాగితం చింపకుండా ఉంటే నేను మాట తప్పేవాణ్ణి కాదు. మొండిదానివి మొండిగానే ఉండాల్సింది. నువ్వు మెత్తబడ్డావు, నేను ఉండలేకపోయాను. నిదానంగా చదువు.

నాన్న యుద్ధం నుంచి వస్తున్నాడని, పెద్ద రోడ్డు దగ్గర బస్సు దిగాడని కబురు వచ్చింది. గాడిదను తోలుకుని నేనొక్కణ్ణే ఎదురెళ్ళాను. మూడేళ్ళయింది ఆయన్ని చూసి. గడ్డం పెరిగింది, ఒక చెవి సరిగ్గా వినపడటం లేదు. నన్ను ఎత్తుకున్నాడు, మూట గాడిద మీద వేశాడు, నడుస్తూ "ఇంట్లో అంతా ఎలా ఉన్నార్రా?" అన్నాడు. నాకేం తెలుసు, పిల్లవాణ్ణి. "బాగున్నాం నాన్నా. అమ్మకి పొట్ట పెద్దదైంది" అన్నాను.

ఆయన దారి పక్క రాయి మీద కూర్చున్నాడు. బూట్లు విప్పాడు. దులిపాడు. అందులో రాళ్ళేమీ లేవు. తొడుక్కున్నాడు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ దులిపాడు. ఎండ కొండ దిగేదాకా అలాగే కూర్చున్నాడు. గాడిద గడ్డి మేస్తోంది. నేను ఏదో తప్పు మాట్లాడానని మాత్రం తెలిసింది, ఏమిటో తెలియలేదు.

చివరికి లేచి నా భుజం పట్టుకున్నాడు. "హద్దూ, నువ్వు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు. ఇంటికెళ్ళేదాకా కాదు, చచ్చేదాకా. సరేనా?" అన్నాడు. సరేనన్నాను.

ఇంటికి రాలేదు. ముందు మంత్రసాని తౌస్ ఇంటికి వెళ్ళాడు. నేను బయట గాడిదను పట్టుకుని నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కడి నుంచి తిన్నగా మసీదు అరుగు దగ్గరికి నడిచాడు. మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. సలాం చెప్పి, కౌగిలింతలు అయ్యాక, ఉన్నట్టుండి కేకలు మొదలుపెట్టాడు.

"గడప దాటిననాడే చెప్పి పోయానా లేదా? బిడ్డని నిద్రపుచ్చవే, నేనొచ్చాకే లేపవే అని! ఈ ఆడదానికి అంత తొందరేమొచ్చింది? నేను ఇంకా తిరుగు ఓడ ఎక్కకముందే తాయెత్తు విప్పేసుకుందట!"

అంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అప్పటిదాకా ఊళ్ళో మన ఇంటి గురించి ఏం గుసగుసలాడుకుంటున్నారో నాకు పెద్దయ్యాక తెలిసింది. ఇంతలో వెనక నుంచి తౌస్ చేతులు తిప్పుకుంటూ వచ్చింది. "నా మీద అరువు అమ్మార్, దాని మీద కాదు! యుద్ధం అయిపోయిందని సంతలో చెప్పుకుంటే నేనే విప్పించాను. ఇంకెంతకాలం మోస్తుంది, గాడిదనుకున్నావా?" అంది. ఇద్దరూ అరుగు ముందు పోట్లాడుకున్నారు. ముందుగా పిండి మరవాడు నవ్వాడు. "పోనీలే అమ్మార్, ఆడవాళ్ళకి ఆత్రం ఎక్కువ. వచ్చేశావుగా, తిట్టకు" అన్నాడు. తర్వాత ఒకరొకరే నాన్నని ఓదార్చడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా అమ్మ తరఫున ఆయనకి నచ్చజెప్పింది. అంతటితో ఆ మాట తేలిపోయింది.

ఇంటికి వచ్చాం. అమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు లేదు. నాన్న బూట్లు విప్పి, "ఆకలేస్తోంది. రొట్టె ఉందా?" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఆ విషయం మీద నేను విన్న మాట అదొక్కటే.

నిన్ను ఆ పేరుతో ఎందుకు పిలిచేవాడో ఇప్పుడు తెలిసిందా? నీకు నడక వచ్చే వేళకి ఊళ్ళో మళ్ళీ ఎవరో ఏదో అన్నారు. ఆ రోజు నుంచి మొదలుపెట్టాడు. సంతలో, బావి దగ్గర, నీ పెళ్ళిలో, ఎక్కడ నలుగురుంటే అక్కడ గట్టిగా పిలిచేవాడు. ఊరు మరిచిపోకుండా. మీ అత్తవారు వేరే కొండవాళ్ళు, వాళ్ళకి కూడా వినపడాలి కదా. నువ్వు ముసుగులో ఏడుస్తున్నావని ఆయనకి తెలియదు. నాకూ తెలియదు.

ఇంకొకటి. నీకు తట్టు పోసి ఒళ్ళు కాలిపోతుంటే నాన్న నిన్ను ఒళ్ళో వేసుకుని "యమ్నా, యమ్నా" అని పిలుస్తూ కూర్చున్నాడు. అప్పుడు పేరు పెట్టే పిలిచాడు. వినడానికి నీకు స్పృహ లేదు.

ఎవరు అని అడుగుతావు. నాకు తెలియదు. అమ్మ చెప్పలేదు, తౌస్ తనతో తీసుకుపోయింది. నిజంగానే నిద్రపోయావేమో, అదీ నాకు తెలియదు. నర్సమ్మకి అన్నీ తెలుసా?

ఇన్నేళ్ళు ఇది మోస్తూ ఉంటే బరువనిపించలేదు. మీ వదిన పోయాక, ఇల్లంతా నేనొక్కణ్ణే అయ్యాక, కొన్నాళ్ళు గోడలకైనా చెప్పాలనిపించింది. ఇప్పుడు నీకు చెప్పాను. ఏం రాస్తావో నీ ఇష్టం. నాన్నకి జవాబు నేను చెప్పుకుంటాను.

తేనె పంపాను. రెండు డబ్బాలు.

నీ అన్న,
హద్దూ


ఊజ్దా,
మార్చి

అన్నయ్యా,

నా కథ చదివేశాను. ముందు ఆ మాట చెప్పేస్తే నువ్వు కూర్చుని మిగతాది చదువుతావు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే ఏడుపు. హమ్మాంలో అయితే ఆవిరి కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ బూట్లు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నేను ఇంకా పుట్టనైనా పుట్టలేదు, ఆ రాయి మీద ఆయన నా కోసం అంతసేపు కూర్చున్నాడు. నేనేమో ఆయన మీద ఇంత కాలం కోపం పెట్టుకు కూర్చున్నాను. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెతుక్కుంటున్నాను.

పండుగ రోజు గదిలో కుర్చీలు వేశారు. అందరి వాళ్ళూ వచ్చారు. కొడుకులు, కోడళ్ళు, చంకల్లో పిల్లలు. నా పక్క కుర్చీలో ఎవరైనా కూర్చోబోతే "మా వాళ్ళొస్తారు" అన్నాను. ఎవరూ రారని నాకు తెలుసు. వాన నీళ్ళకి మీ దారి కొట్టుకుపోయిందని డ్రైవరు చెప్పాడు. అయినా ఆ కుర్చీ ఇవ్వబుద్ధి కాలేదు.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. ఇలా చదివాను.

"నా పేరు యమ్నా. తీజీ ఊరి అమ్మార్ కూతుర్ని. నేను మా అమ్మ కడుపులో మూడేళ్ళు నిద్రపోయాను. నన్ను లేపినందుకు మా నాన్న ఊరందరి ముందూ మా అమ్మని తిట్టాడు. ఆయన తిట్టిన తిట్లు ఇవి."

తర్వాత నాన్న కేకలు, తౌస్ కేకలు, మరవాడి మాట, అన్నీ నువ్వు రాసినట్టే చదివాను. పడుచుపిల్లలు నవ్వారు. ఈసారి నేనే నవ్వించాను. ఆయన నన్ను ఏమని పిలిచేవాడో, ఎక్కడెక్కడ పిలిచేవాడో, పెళ్ళిలో ఏమన్నాడో చదివాను. అక్కడికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. చివర, "తట్టు పోసినప్పుడు మాత్రం పేరు పెట్టి పిలిచాడు" అని ముగించి కూర్చున్నాను.

ఒక్క అబద్ధం రాయలేదు అన్నయ్యా. నాన్న ఊరి ముందు అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. బూట్ల సంగతి చదవలేదు, పుస్తకంలోకీ వెళ్ళదు. నీకూ ఆయనకీ మధ్య ఉన్నది నాకు ఇచ్చావు, అది నా దగ్గరే ఉంటుంది. అమ్మ తల ఎలా ఉండేదో అలాగే ఉంది.

నవాల్ మళ్ళీ తొమ్మిది నెలల సంగతి అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. "బాగుంది అత్తా" అని కళ్ళు తుడుచుకుంది.

అందరూ టీ గ్లాసుల దగ్గర మూగారు. అప్పుడు హజ్జా తామూ కర్ర ఆనించుకుంటూ వచ్చి, నేను కాపాడుకున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఆమెతో మాత్రం "మా వాళ్ళొస్తారు" అనలేదు. నా చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "మా నడిపివాడు కూడా నిద్రపోయి లేచినవాడే" అంది.

"అలాగా హజ్జా!" అన్నాను.

"వాళ్ళ నాన్న కూడా నన్ను ఊరందరి ముందూ తెగ తిట్టాడు" అంది. టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుంది.

గదికి వచ్చాను. తాళం తీశాను. పావురాలు గూటికి చేరాయి. అంతమంది మధ్య నుంచి వచ్చేసరికి గది ఇంకా ఖాళీగా కనిపించింది. రొట్టె మీద నీ తేనె వేసుకుని తిన్నాను. ఇక్కడ అందరూ నన్ను యమ్నా అంటారు, అత్తా అంటారు. నాన్న పిలిచిన ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకప్పుడు అది వినపడకపోతే చాలనుకున్నాను.

దారి బాగుపడ్డాక బాదంకాయల వేళకి వస్తాను. నన్ను ఆ రాయి దగ్గరికి తీసుకెళ్ళు. ఈలోపు ఉత్తరం రాస్తే పైన యమ్నా అని రాయకు.

నీ చెల్లెలు,
అమ్మార్ కూతురు,
నిద్రమొహం